కళాయి లేని గుండిగ

మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ హాల్లో మూలనున్న ఇత్తడి గుండిగని చూసి ముచ్చటపడతారు. ఇంత పెద్దది ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ అని దాని చుట్టూ తిరిగి చూస్తారు. ఒకావిడైతే అందులో మొక్క పెట్టుకోమని సలహా కూడా ఇచ్చింది. దాన్ని నేను అందానికి తెచ్చుకోలేదు. పోయినేడు మా అత్త పోయాక, సామాను పంచుకునేటప్పుడు అందరూ వద్దంటే నా వాటాకి వచ్చింది. లోపలివైపు వేలితో రుద్దితే పచ్చటి చిలుము అంటుకుంటుంది. అత్త ఆఖరి రోజుల్లో, పలాసలో ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది: "ఆ కళాయి సాయిబు పెళ్ళాం ఏటైపోనాదో ఎప్పుడైనా కనుక్కున్నావేటే?" ఇరవై ఏళ్ళు దాటాయి, మా ఇద్దరి మధ్యా ఆ మాట వచ్చి. లేదత్తా అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఇన్నేళ్ళుగా ఇన్ని కథలు రాశాను, ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఏరి ఏరి రాశాను గానీ, ఈ సంగతి ఏ కథలోనూ పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం చదివితే మీకే తెలుస్తుంది.

మాది టెక్కలి. నాన్న బడిపంతులు. కొబ్బరి, జీడి తోటలున్న ఉద్దానం ఇంటికి కోడలిగా వెళ్తున్నానని మావాళ్ళు తెగ మురిసిపోయారు. బారువకి దగ్గర్లో ఊరు. పెళ్ళైన మూడో నెలలో మా ఆయన గుజరాత్‌లో రేవు పనికి వెళ్ళిపోయాడు. మావగారు నేను కాపురానికి రాకముందే కిడ్నీ జబ్బుతో పోయారు. బావగారికీ అదే జబ్బు పట్టుకుంటే, వైద్యం కోసం తోటికోడలు ఆయన్ని తీసుకుని విశాఖపట్నంలో గది అద్దెకి తీసుకుంది. ఆ పెంకుటింట్లో ఇక మిగిలింది అత్తా, నేనూ, అటక నిండా ఇత్తడి సామానూ. తెల్లవారుజామున అత్త లేచి వాకిలి ఊడ్చే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. ఆ తరవాత మళ్ళీ మనిషి గొంతు వినడానికి ఎంతసేపు పట్టేదో చెప్పలేను. అత్త మాటకారి కాదు. చేతులతో బతికే మనిషి. కొబ్బరి డొక్కలు ఎండబెట్టడం, జీడిపిక్కలు ఏరడం, నీళ్ళు కాచి గుడ్డలో వడకట్టి బిందెలో పోయడం. పక్కింట్లో జీడిపిక్కలు కాలుస్తుంటే ఘాటైన పొగ కళ్ళలోకి వచ్చేది. గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే బారువ ఎండుచేపల వాసన. టెక్కలిలో మా వీధిలో రోజంతా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉండేవారు. ఇక్కడ నా పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. అందరికీ నేను సిన్నకోడలిని. సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు. అమ్మతో మాట్లాడాలంటే బారువ వెళ్ళి ఎస్టీడీ బూతులో వరసలో నిలబడాలి, దానికి అత్తని అడగాలి. ఒక్కోరోజు పెరట్లో కోళ్ళతో మాట్లాడేదాన్ని.

ఇంట్లో మాటలు తక్కువే గానీ భయానికి తక్కువ లేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా, కిడ్నీ జబ్బుని కొలిచే క్రియాటినిన్ అన్న మాట వచ్చు. బాగున్నావా అని అడిగే బదులు నీకెంత ఉందని అడిగేవారు. నిరుడు కొబ్బరిచెట్టెక్కిన మనిషి ఈ ఏడు మొహం వాచి అరుగు మీద కూర్చునేవాడు. ఎక్కడెక్కడినుంచో డాక్టర్లు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళేవారు, రక్తం తీసుకెళ్ళేవారు. ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. కారణం తెలియని జబ్బు మనుషుల్ని కుదురుగా ఉండనివ్వదు. ముందు నూతిని అనుమానించారు, తరవాత తోటల్లో కొట్టే మందుని, తరవాత బియ్యాన్ని. అత్త మూడు నూతులు మార్చింది. నూతినీ బియ్యాన్నీ ఎంత తిట్టుకున్నా కడుపుమంట చల్లారదు, అవి బదులు చెప్పవు. ఒక మనిషి కావాలి. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, ఇదంతా ఇప్పుడు చెప్పినంత తెలివిగా అప్పుడు ఆలోచించలేదు. నేనూ ఆ నీళ్ళే తాగుతూ, నడుం నొప్పి వచ్చినప్పుడల్లా గుండె పట్టుకుని కూర్చునేదాన్ని.

కళాయి వేసేవాళ్ళు ఏటా అమ్మవారి సంబరానికి నెలముందు వచ్చి, సంబరం దాటేదాకా చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవారు. మొగుడూ పెళ్ళాం. అతన్ని ఊరంతా కళాయి సాయిబు అనేవారు, అసలు పేరు ఎవరూ అడగలేదు. ఆమె పేరు జులేఖ. టెక్కలిలో మా వీధి చివరి ఇల్లు ఆమె పుట్టినిల్లు, కాపురమూ అక్కడే. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. మొదటిసారి మా వాకిట్లో నన్ను చూసి చేతిలో పట్టకారు కింద పడేసింది. "ఓలమ్మ, పంతులుగారి సరోజవి కాదేటి" అంది. ఆ ఊళ్ళో నా పేరు వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చేసింది. మా పనసచెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, సాయిబు తిత్తి ఊదేవాడు. జులేఖ పెద్ద గుండిగలోకి దిగి, కాళ్ళ కింద ఇసకా కొబ్బరిపీచూ వేసుకుని, పనసకొమ్మ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ లోపలంతా తోమేది. అలా తిరుగుతూనే మా వీధి కబుర్లన్నీ చెప్పేది. మా తమ్ముడికి జ్వరం తగ్గిందని, అమ్మ నా పెళ్ళి ఫోటో గోడకి పెట్టిందని. తరవాత గిన్నె కాగాక, తగరం అతుక్కోవడానికి నవసారం పొడి చల్లితే తెల్లగా పొగ లేచేది. తగరం ముక్క అలా ఆనించి దూదితో తుడిస్తే పసుపుపచ్చటి ఇత్తడి మీద వెండి రంగు పరుచుకునేది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరేది కాదు. అత్త గడపలో నిలబడి అన్నీ చూసేది. పరాయి మతం మనిషి కాలు పెట్టిన గుండిగ అని ఆవిడకి లోపల ఏదో ఉండేది. అందుకని వాళ్ళు వెళ్ళగానే అందులో చింతాకు వేసి నీళ్ళు మరగబెట్టి కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసేది, పసుపునీళ్ళు చల్లేది. ఆ మాత్రం దానికి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. జులేఖే నవ్వుతూ, "అత్త చింతాకు ఉడకెడితేగానీ మన పని అయినట్టు కాదు" అనేది.

మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. బస్సులో ఎవరో అన్నారట, ఆ తెల్లపొగ కిడ్నీలకి పడదని. నెల తిరిగేసరికి అది, పొగ కాదు, వాళ్ళు తగరంలో ఏదో కలుపుతున్నారని మారింది. ఆ తరవాత, కావాలనే కలుపుతున్నారని. మరుసటి ఏడు టీవీలో ఎక్కడో దూరాన గొడవలు చూపించేవారు, ఇళ్ళు తగలబడటం, జనం పరిగెత్తడం. ఊరి పెద్ద లోకనాథం మావయ్య వరండాలో ఊరంతా కూర్చుని చూసేది. ఎవరి ఇళ్ళు కాలాయో సరిగా తెలియకుండానే మా ఊరివాళ్ళు భయపడి వచ్చి తలుపులు వేసుకునేవారు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా తురకల ఇల్లు ఒక్కటి లేదు. మాకు తెలిసిన తురకవాళ్ళు ఆ మొగుడూ పెళ్ళామే. అంత భయమూ మోయడానికి వాళ్ళిద్దరే దొరికారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? దానికి ముందటేడే, ఆ మాట ఇంకా గుసగుసగా ఉన్నప్పుడు, అమ్మ నాకోసం సున్నుండలు చేసి జులేఖ చేత పంపించింది. అమ్మ చేతి గుడ్డమూట, అమ్మ కట్టే ముడే. జులేఖ దాన్ని కొంగులో దాచి తెచ్చి అత్త చూడకుండా నా చేతిలో పెట్టింది. రెండు రోజులు దాన్ని బియ్యం డబ్బా వెనక దాచాను. మూడోరోజు పెరట్లో కొబ్బరి పాదులో గొయ్యి తీసి పాతేశాను. ఎందుకని మీరడిగితే, ఎవరో చెప్పినందుకు కాదు, నేను నమ్మినందుకూ కాదు. ఒకవేళ అనిపించింది. ఒక్క శాతం అనుమానానికి ఉన్న బలం, జులేఖని చిన్నప్పటినుంచీ ఎరిగి ఉండటానికి లేకపోయింది. పాదు కప్పేసి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. నాలుగు రోజులకి మిగతా సామాను పనికి మళ్ళీ వచ్చినప్పుడు ఆమె, సున్నుండలు బాగున్నాయా అని అడిగింది. నెయ్యి కొంచెం ఎక్కువైందన్నాను.

టీవీలో గొడవలు చూపించిన ఆ ఏడు వాళ్ళు మామూలుగానే వచ్చారు. అత్త వాకిలి గడియ తియ్యలేదు. "ఈ ఏడు వొద్దులే, ఎల్లండి" అంది. సాయిబు సంచీ భుజాన వేసుకున్నాడు. జులేఖ అత్త భుజం మీదుగా నావైపు చూసింది. నేను లోపలికి వెళ్ళిపోయాను. వీధిలో అప్పుడు ఇంకెవరూ లేరు. చిక్కేమిటంటే, అమ్మవారి సంబరంలో పులిహోరకి మా గుండిగే వెళ్ళాలి. మావగారి తాతల నాటినుంచీ అదే ఆనవాయితీ. కళాయి లేని ఇత్తడిలో పులుపు చిలుమెక్కి విషమవుతుంది కాబట్టి, కళాయి లేదంటే గుండిగని ఎవరూ ముట్టరు, వేరే ఇంటి గుండిగ వెళ్తుంది. మొగుడు పోయి, కొడుకు మంచాన పడిన ఇంట్లో అత్తకి ఆ ఒక్క గౌరవమే మిగిలింది. నాలుగు రోజులు కూర్చుని ఇటికపొడీ చింతపండూ పెట్టి గుండిగ లోపల తోమింది. పాత కళాయి ఏ కాస్త మిగిలుందో అదీ పోయింది. అద్దంలా మెరిసింది. వంట బైరాగి వచ్చి తొంగిచూసి, "కళాయి ఎట్టించినారా పెద్దమ్మా?" అని అడిగాడు. చత్వారం మనిషి. "ఎట్టించినాం" అంది అత్త. నేను పక్కనే ఉన్నాను.

పులిహోర పులుసు ముందురోజు సాయంత్రమే కాచి, ఆ గుండిగలోనే ఉంచేశారు. మర్నాడు ప్రసాదం తిన్నవాళ్ళకి గంట తిరక్కుండా వాంతులు మొదలయ్యాయి. పిల్లలు ఎక్కువ. లోకనాథం మావయ్య మనవరాలు నీలుక్కుపోతే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైను పెట్టించారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు గానీ ఆ పూట ఊరు ఊరంతా చావు చూసినట్టయింది. అత్తకి తెలుసు. ఇంటికి తెచ్చిన గుండిగ అడుగున పచ్చటి చార చూసి, నాకంటే ముందే కొంగుతో తుడిచేసింది.

మర్నాడు పొద్దున్న పక్క ఊళ్ళో పని చేసుకుంటున్న ఆ ఇద్దరినీ మా ఊరి కుర్రాళ్ళు పట్టుకొచ్చి రామమందిరం అరుగు మీద కూర్చోబెట్టారు. సంచీ గుమ్మరించారు. నవసారం పొట్లం విప్పి ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. "ఉప్పు కాదు, పటిక కాదు, మరేటిది?" అని అరిచారు. సాయిబు అది కళాయిలో వేసేదని చెప్తున్నాడు, ఎవరూ వినట్లేదు. ఇదంతా మా అరుగు మీంచి నాకు కనిపిస్తూనే ఉంది. కాసేపటికి లోకనాథం మావయ్య మా ఇంటివైపు వచ్చాడు. ఆయన చెడ్డమనిషి కాదు. మనవరాలు ఆసుపత్రిలో ఉన్నా, నిజం కనుక్కుందామనే వచ్చాడు. గుమ్మం ఎక్కుతూనే అత్తతో అన్నాడు: "ఈ ఏడు మీ గుండిగ ముట్టుకోనేదంతన్నారు ఆలు. ఆ ఆడమనిసి, సిన్నకోడల్ని అడగండి, ఆ అమ్మే సెప్తాదంతంది."

ఆయన చెప్పులు విప్పుతున్నంతసేపూ నిజం చెప్తాననే అనుకున్నాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది. "సెప్పమ్మా, మన గుండిగకి కళాయి ఏసింది ఆలేనా?" అన్నాడు. అత్త నావైపు చూడలేదు. చూసి ఉంటే అత్త కళ్ళెర్రజేసిందని ఈనాటికీ చెప్పుకునేదాన్ని. ఆవిడ నేలచూపులు చూస్తూ నిలబడింది. నేను, "ఆళ్ళే మావయ్యా" అన్నాను.

ఎందుకన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. నిజం చెప్తే ఊరందరి వాంతులూ అత్త మీద పడతాయి, అత్తతో పాటు నా మీద. నేను కూడా పరాయి ఊరినుంచి వచ్చినదాన్నే, ఆ అరుగు మీద కూర్చోబెట్టడానికి నాకూ చోటుంది. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది. అర్థం కానిది ఇంకొకటుంది. ఆ మాట అన్న క్షణంలో నాకు సగం నిజమే అనిపించింది. గుండిగ వాళ్ళు ముట్టుకోలేదని నా కళ్ళతో చూసినదాన్ని, అయినా అనిపించింది. ఊరంతా భయపడుతున్నప్పుడు దానికి బయట ఒంటరిగా నిలబడటం కంటే, లోపలికి వెళ్ళి అందరితో కలిసి భయపడటం వెచ్చగా ఉంటుంది. కాపురానికి వచ్చాక నేను ఆ ఊరిదాన్ననిపించింది ఆ రోజే.

లోకనాథం మావయ్య వెనుదిరుగుతుంటే అత్త పరుగున వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది. "బావా, ఆలని కొట్టనివ్వకు. ఆడమనిసి ఉన్నాది. నీకు దణ్ణం ఎడతాను, ఒగ్గీయమను" అంది. నిజంగానే రెండు చేతులూ జోడించింది. ఆయన వెళ్ళి కుర్రాళ్ళతో ఏదో అన్నాడు. తిత్తి చీరేసి, సామాను చెరువులో పారేసి, ఉద్దానంలో మళ్ళీ కనిపించకండని చెప్పి వాళ్ళని బస్సెక్కించారు. ఒక దెబ్బ కూడా పడలేదు. బస్సు మా ఇంటి ముందునుంచే వెళ్ళింది. నేను తలుపు వెనక ఉన్నాను.

ఆ రోజు అత్త గుండిగని అటకెక్కించింది. ఆ తరవాత మేమిద్దరం ఒకే ఇంట్లో ఇద్దరు దొంగల్లా బతికాం. మాట తక్కువ ఇంట్లో మాట పూర్తిగా పోయింది. ఏడాది తిరక్కుండా బావగారు పోయారు. కళాయి వేసేవాళ్ళు లేరు, గుండిగ లేదు, జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊరు అప్పుడైనా తప్పు తెలుసుకుందా అంటే, లేదు. ఇంకో అనుమానం వెతుక్కుంది. మా వీధివాళ్ళ సంగతులు మోసుకొచ్చే మనిషి ఇక లేదు. కొన్నాళ్ళకే నాన్నకి బదిలీ అయి మావాళ్ళూ టెక్కలి వదిలేశారు. మా ఆయన తిరిగొచ్చి విశాఖపట్నంలో కాపురం పెట్టేదాకా ఆ ఇంట్లో నన్ను సరోజా అని పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. అది నేను చేతులారా చేసుకున్నదే.

ఇప్పుడు మా అపార్టుమెంటువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పళ్ళబండివాడి గురించి అలాంటి మాటే వస్తుంటుంది, పేర్లు చూసి కొనండని. అప్పట్లో ఒక మాట బస్సెక్కి మా ఊరు రావడానికి నెల పట్టేది. ఇప్పుడు నేను కాఫీ కలుపుకునేలోపు అరవై ఇళ్ళు తిరిగొస్తుంది. తప్పని రెండుసార్లు రాసి, పంపకుండా చెరిపేశాను. చూశారా, వయసు పెరిగింది అంతే.

మొన్న అత్త సంవత్సరీకం అయ్యాక టెక్కలి వెళ్ళాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను. మా వీధి ఇప్పుడు వీధిలా లేదు, అన్నీ మేడలే. జులేఖ కొడుక్కి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, పైన ఇల్లు. సాయిబు పోయి ఆరేళ్ళయిందట. ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. చేతులు అలాగే గరుకుగా ఉన్నాయి. నేను మొదలుపెట్టేలోపే ఆమె మొదలుపెట్టింది.

"ఆ రోజు నువ్వు నేకపోతే మమ్మల్ని సంపీసుదురు, సరోజా. నాను సూత్తానే ఉన్నాను గదా. పెద్దాయన మీ ఇంటికెల్లొచ్చి, కొట్టకండ్రా, ఒగ్గీండని సెప్పినాడు. అప్పుడే మా ఆయనతో అన్నాను, పంతులుగారి పిల్ల నిజం సెప్పీసినాదని. సామాను పోతే పోనాది, పేనం నిలబడ్డాది. ఆయన పోయేవరకూ నీ మాట సెప్పుకునేవోడు."

నేను ఏదో అనబోయాను. ఆమె లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. ఇరవై రెండేళ్ళుంటాయి, నర్సింగ్ చదివిందట. "నాను సెప్తానే, ఆ అమ్మ ఈవిడే" అంది. ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి, "నమస్తే ఆంటీ, అమ్మ మీ గురించి చాలాసార్లు చెప్పింది" అంది. వచ్చే నెలలో బారువ దగ్గరే ఉద్యోగమట, కిడ్నీ జబ్బువాళ్ళకి రక్తం శుద్ధిచేసే చోట. "మా వోలందరూ ఒద్దన్నారు," అంది జులేఖ. "నానే పంపిత్తన్నాను. అక్కడ అందరూ ఒకలాగుంటారేటి, సరోజలాటోలు కూడా ఉంటారని సెప్పినాను."

అమ్మాయి కాస్త మొహమాటపడుతూ, "అక్కడ గది ఎవరూ ఇవ్వట్లేదాంటీ, పేరు వినగానే ఖాళీ లేదంటున్నారు. మీ పేరు చెప్పుకోవచ్చా? అడిగితే మీకు ఫోన్ చేస్తారు" అంది.

నిజం చెప్తే ఆ తల్లి ఇరవై ఏళ్ళుగా పట్టుకుని బతికిన నమ్మకం పోతుంది, కూతురి ప్రయాణం ఆగిపోతుంది. చెప్పకపోతే, వాళ్ళని విడిపించిన అత్తకి చెందవలసిన దణ్ణం కూడా నేనే పుచ్చుకున్నదాన్నవుతాను. "చెప్పుకో అమ్మా" అన్నాను.

ఇంటికి వచ్చి పది రోజులైంది. ఫోన్ మోగినప్పుడల్లా ఆ ఊరివాళ్ళేమో అనుకుంటున్నాను. అడిగితే ఈసారి ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. లోకనాథం మావయ్య గుమ్మంలో చెప్పులు విప్పుతున్నప్పుడు కూడా తెలుసు.